రాజమండ్రి–కాకినాడ మెమూ రివ్యూ: రోజూ తిరిగేవాళ్లకు ఇది లోకల్ ట్రైను అవుతుందా?

రాజమండ్రికీ కాకినాడకీ మధ్య లోకల్ ట్రైను వెయ్యాలన్న మాట అప్పుడప్పుడూ లేస్తుంది, కొన్నాళ్లకి చల్లారిపోతుంది. లేచినప్పుడల్లా రెండు వర్గాలు. 2011 జనాభా లెక్కల్లో రాజమండ్రి నగరం 3.4 లక్షలు, కాకినాడ 3.1 లక్షలు, ఇంతోటి ఊళ్లకి సబర్బన్ రైలేంటి అని ఒకరంటారు. మెట్రోలే వస్తుంటే మనకి లోకల్ ట్రైనుకి కూడా గతి లేదా అని రెండోవాళ్లు. ఇద్దరూ గమనించని సంగతి ఒకటుంది. పట్టాలు వేసే ఉన్నాయి, కరెంటు తీగలు లాగే ఉన్నాయి, మెమూ బళ్లు (దగ్గర దూరాలకి కరెంటు మీద నడిచే ప్యాసింజర్లు) తిరుగుతూనే ఉన్నాయి, వాటిని చూసుకునే కార్‌షెడ్డు రాజమండ్రిలోనే ఉంది. అందుకని రాబోయే లైను సంగతి తర్వాత, ఇప్పుడున్న సర్వీసు రోజువారీ ఉద్యోగికీ, విద్యార్థికీ ఎంతవరకు అక్కరకొస్తుందో ముందు చూద్దాం. ఏం పెడితే బాగుపడుతుందో దాన్ని బట్టే తేలుతుంది.

జనాభా వాదన ఇక్కడెందుకు చెల్లదంటే, డెల్టాలో ఊరు చిన్నదే గాని ఊళ్ల వరస పెద్దది. రాజమండ్రిలో బండి కదిలాక కడియం, కేశవరం, ద్వారపూడి, అనపర్తి, బలభద్రపురం, బిక్కవోలు, మేడపాడు మీదుగా సామర్లకోట, అక్కడ బ్రాంచి లైనెక్కి సర్పవరం, కాకినాడ టౌను, చివర కాకినాడ పోర్టు. రైల్లో 65 కిలోమీటర్లు చిల్లర. ఆరేడు కిలోమీటర్లకొక ఊరు తగులుతుంది. కడియంలో నర్సరీలు, పూల మార్కెట్టు, ద్వారపూడిలో బట్టల మార్కెట్టు, అనపర్తి చుట్టూ రైసు మిల్లులు, కాకినాడలో జేఎన్‌టీయూ, రంగరాయ మెడికల్ కాలేజీ, పెద్దాసుపత్రి. రాజమండ్రి తాడితోట బట్టల కొట్లలో పనిచేసేవాళ్లలో ఎంతమంది పల్లెల నుంచి వస్తారో సాయంత్రం షట్టర్లు దించే వేళ చూస్తే తెలుస్తుంది.

ఈ వరసకి ఇంకో మంచి గుణముంది. పెద్ద నగరాల లోకల్ ట్రైన్లు పొద్దున ఊళ్లోకి నిండి వస్తాయి, ఖాళీగా వెనక్కి పోతాయి. సాయంత్రం దానికి తలకిందులు. ఇక్కడ రెండు కొసల్లోనూ ఊళ్లే కాబట్టి పొద్దున ఎనిమిదింటికి జనం రెండు వైపులా కదులుతారు. ఒకే బండి పోతూ నిండుతుంది, వస్తూ నిండుతుంది. రైలు నడిపేవాడి లెక్కలో ఇంతకంటే మంచి బేరం ఉండదు.

ఇక సర్వీసు సంగతి. డబ్బు పెట్టి ఎక్కేవాటిలో చార్జీలో దీన్ని కొట్టేది లేదు. కోవిడ్ తర్వాత ప్యాసింజర్లన్నిటికీ ఎక్స్‌ప్రెస్ పేరు తగిలించి కనీస టిక్కెట్టు 30 రూపాయలు చేశారు. 2024 ఫిబ్రవరిలో మళ్లీ 10కి దించారు. కొవ్వూరు నుంచి వంతెన దాటి రాజమండ్రి రావడానికి పది రూపాయలంటే ఆటోవాడు ఎక్కమని కూడా అనడు. కాని ఈ పది రూపాయల టిక్కెట్టు మెమూ, డెమూ (డీజిల్ మీద నడిచే మెమూ లాంటిది), ప్యాసింజర్లకే. అదే టిక్కెట్టుతో వెనకొచ్చిన ఎక్స్‌ప్రెస్ ఎక్కితే టీసీ దృష్టిలో మీ దగ్గర సరైన టిక్కెట్టు లేనట్టే. చార్జీ మీద కనీసం 250 రూపాయలు జరిమానా పడుతుంది. మెమూ లేటని విసిగి ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్లు ఎక్కువగా దొరికేది ఇక్కడే. ముందే ఎక్స్‌ప్రెస్ ఆర్డినరీ టిక్కెట్టు తీసుకుంటే ఏది ముందొస్తే దాన్నెక్కొచ్చు. సూపర్‌ఫాస్ట్‌కి మాత్రం అదీ చాలదు.

రోజూ తిరిగేవాళ్లకి సీజన్ పాసే దారి. 150 కిలోమీటర్ల దాకా ఇస్తారు కాబట్టి ఈ డెల్టాలో ఏ జత ఊళ్లకైనా సరిపోతుంది. నెలకీ తీసుకోవచ్చు, మూడు నెలలకీ తీసుకోవచ్చు. మూడు నెలల పాసు విడివిడిగా తీసుకున్న మూడు పాసుల కంటే కొంచెం చవక. రిజర్వేషన్ బోగీలో అది చెల్లదు, సూపర్‌ఫాస్ట్‌కి అదనంగా సప్లిమెంటు కట్టాలి. పాసు తీసుకునేటప్పుడు కాకినాడ టౌనుకా పోర్టుకా అన్నది ఒకసారి చూసుకోండి. యాప్‌లో (రైల్వే టిక్కెట్లు తీసేది) టౌను సీసీటీ, పోర్టు సీఓఏ, రాజమండ్రి ఆర్‌జేవై, సామర్లకోట ఎస్‌ఎల్‌ఓ అని కనిపిస్తాయి. టౌను దాకా పాసు తీసుకుని నిద్రలో పోర్టు దాకా పోయినవాడు ఆ ముక్కకి టిక్కెట్టు లేనివాడే.

ఫోన్లో టిక్కెట్టు తీసేవాళ్లు మూడు గుర్తుంచుకుంటే చాలు. పేపరులెస్ టిక్కెట్టుని యాప్‌లోనే తెరిచి చూపించాలి, స్క్రీన్‌షాట్ ఒప్పుకోరు. స్టేషన్ లోపలికి వచ్చేశాక మామూలుగా బుక్ కాదు, అక్కడ గోడకి అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్యాలి. బయట రోడ్డు మీద ఉండగానే తీసుకుంటే ఆ తలనొప్పి ఉండదు. మూడోది, 199 కిలోమీటర్ల లోపు టిక్కెట్టు మీద మూడు గంటల్లోగా ప్రయాణం మొదలెట్టాలి. ఆ లోపు బండే లేకపోతే తర్వాత వచ్చే మొదటి బండి దాకా చెల్లుతుంది. పొద్దున తీసిన సింగిల్ టిక్కెట్టు సాయంత్రానికి పనికిరాదు.

బండి సంగతి చెప్పాలంటే, ఎనిమిది పెట్టెల కొత్తరకం మెమూలో సుమారు ఆరువందల మంది కూర్చోవచ్చు. నిలబడేవాళ్లు అంతకు రెట్టింపైనా పడతారు. కూర్చునేవాళ్లే పన్నెండు బస్సుల జనమన్నమాట. ఇంజను వేరే ఉండదు, మోటార్లు పెట్టెల కిందే ఉంటాయి కాబట్టి ఆగినచోట నుంచి వెంటనే వేగం అందుకుంటుంది, రెండు కొసల్లోనూ డ్రైవరు క్యాబిన్ ఉంటుంది కాబట్టి ఇంజను మార్చే పని లేదు. మరుగుదొడ్లు ఉంటాయి, నగరాల లోకల్ ట్రైన్లలో అవి ఉండవు. ఎక్కేటప్పుడు మధ్య పెట్టెల దగ్గరే గుంపు కడతారు, ఫుట్‌బ్రిడ్జి అక్కడ దిగుతుంది కాబట్టి. యాభై అడుగులు నడిస్తే కొస పెట్టెల్లో చోటు దొరుకుతుంది. చిన్న స్టేషన్లలో ఆగేది ఒక్క నిమిషమే. ప్లాట్‌ఫాం ఎత్తు తక్కువున్న చోట మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే తలుపు దగ్గరికి చేరుకోకపోతే దిగేలోపు బండి కదిలిపోతుంది.

సమయం దగ్గరే ఈ సర్వీసు దెబ్బతింటోంది. కాగితం మీద లెక్క వేద్దాం. 65 కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా వందలో పోతే 40 నిమిషాలు. ఒక్కో స్టేషన్లో బ్రేకు, నిమిషం హాల్టు, మళ్లీ వేగం అందుకోవడం కలిపి రెండున్నర నిమిషాలు పోతాయనుకుంటే పది హాల్టులకి 25. సామర్లకోటలో బ్రాంచి మళ్లడానికీ, బ్రాంచి మీద నెమ్మదికీ ఇంకో పది. మొత్తం గంటా పావు. రోడ్డు మీద గంటన్నర నుంచి రెండు గంటలు. కాబట్టి అడ్డం లేకుండా పోతే మెమూ బస్సుని సునాయాసంగా కొట్టేస్తుంది.

అడ్డం లేకుండా పోదు కాబట్టే ఇంత బాధ. రాజమండ్రి–సామర్లకోట ముక్క హౌరా–చెన్నై మెయిన్‌లైను. దాని మీద ఎక్స్‌ప్రెస్‌లు, వందేభారత్, బొగ్గు గూడ్సులు, కంటైనర్లు అన్నీ ఆ రెండు పట్టాల మీదే. మెమూ వెనకాల ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే కంట్రోలు వాళ్లు మెమూని పక్కన పెట్టేస్తారు. "పక్కన పెట్టడం" అని రెండు మాటల్లో అనేస్తాం గాని దానికెంత ఖర్చవుతుందో చూడండి. లూపు లైన్లోకి (స్టేషన్లో బండిని పక్కన ఆపే పట్టా) మళ్లేచోట వేగం మామూలుగా గంటకి 30 కిలోమీటర్లే. బండి తోకతో సహా లోపలికొచ్చి, పాయింట్లు (బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మళ్లించేవి) మళ్లీ మెయిన్‌లైనుకి తిప్పితేగాని వెనకున్న ఎక్స్‌ప్రెస్‌కి సిగ్నలు పడదు. అందుకని అది కనుచూపు మేరలోకి రాకముందే, ఐదారు నిమిషాల ముందే మెమూని ఆపాలి. ఎక్స్‌ప్రెస్ దూసుకుపోయింది కదా అని వెంటనే వదలరు. ఆటోమేటిక్ సిగ్నళ్లు లేని చోట రెండు స్టేషన్ల మధ్య ఒక వైపుకి ఒక బండే ఉండాలి, కాబట్టి అది ముందు స్టేషను దాటేదాకా ఇంకో నాలుగు నిమిషాలు. అన్నీ కలిపితే పన్నెండు, పదిహేను నిమిషాలు. రెండుసార్లు ఇలా పక్కన పెడితే గంటా పావు బండి గంటా ముప్పావు అవుతుంది. ద్వారపూడిలో ఆగిన బండిలో జనం తలుపుల దగ్గరికొచ్చి వెనక్కి తొంగి చూస్తున్నారంటే అదే కారణం, అరిచేది లేదు, డ్రైవరు చేతిలో ఏమీ లేదు.

సామర్లకోటలో ఇంకో చిక్కు. మన బళ్లు ఎడమ పట్టా మీద నడుస్తాయి. రాజమండ్రి నుంచి వెళ్లేటప్పుడు కాకినాడ కుడి చేతి వైపు. కాబట్టి కాకినాడ మళ్లే బండి విజయవాడ వైపు వచ్చే లైనుని అడ్డంగా కోసుకుని దాటాలి. ఆ క్షణాన విశాఖ నుంచి వచ్చే బండేదైనా దగ్గరలో ఉంటే మన బండి ఆగాల్సిందే. కాకినాడ నుంచి వచ్చేటప్పుడు ఈ బాధ లేదు, తిన్నగా కలిసిపోతుంది. ఒకే దూరానికి పోయేటప్పుడు ఎక్కువసేపు, వచ్చేటప్పుడు తక్కువసేపు ఎందుకు పడుతుందా అనుకునేవాళ్లకి జవాబు ఇదే. సామర్లకోటలో బండి మారదామనుకునేవాళ్లు కనీసం ఇరవై నిమిషాల ఎడం చూసుకోవాలి. ఐదు నిమిషాల కనెక్షను నమ్ముకుని ఆఫీసుకి బయల్దేరితే సగం రోజులు ఆలస్యపు సంతకమే.

రాజమండ్రికి అటువైపు గోదావరి. 1900లో మొదలైన హేవలాక్ వంతెన 1997లో రైళ్లకి సెలవు చెప్పింది. ఇప్పుడున్నవి 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన, 1997 నాటి ఆర్చి వంతెన. రెంటి మీదా కలిపి పోను ఒకటి, రాను ఒకటి. కొవ్వూరు, నిడదవోలు నుంచి రాజమండ్రికి లోకల్ బళ్లు పెంచాలన్నా ఈ రెండు పట్టాల మీద ఖాళీ దొరకాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక కొవ్వూరు, నిడదవోలు రాజమండ్రి కలెక్టరేటు కిందికి వచ్చాయి. సోమవారం అర్జీల రోజున నది దాటి వచ్చేవాళ్ల సంగతి జిల్లా గీత గీసినప్పుడు రైల్వేకి ఎవరైనా చెప్పారో లేదో.

వీటికి తోడు లైన్ బ్లాకులు. పట్టాలు మార్చాలన్నా, తీగలు చూసుకోవాలన్నా రెండు మూడు గంటలు ట్రాఫిక్ ఆపాలి. ఆపినప్పుడు ముందు రద్దయ్యేది మెమూనే. ఎక్స్‌ప్రెస్‌కి నెలల ముందే రిజర్వేషన్లుంటాయి, మెమూ ప్రయాణికుడి పేరు ఎక్కడా రాసి ఉండదు. విజయవాడ డివిజన్ రద్దు జాబితా పేపర్లో జిల్లా పేజీలో ఒక మూల వస్తుంది. పాసున్నవాళ్లు దాన్నీ, పొద్దున్నే రన్నింగ్ స్టేటస్‌నీ చూసి ఇంట్లోంచి కదలడం మంచిది. రద్దయిన రోజులకి పాసు గడువు పొడిగించరు.

అన్నిటికంటే పెద్ద లోపం బళ్ల వేళలు. కాకినాడ–విజయవాడ మెమూ, రాజమండ్రి–విశాఖ మెమూ లాంటివి దూరం బళ్లుగా వేసినవి. వాటి వేళలు విజయవాడనీ విశాఖనీ చూసి పెట్టినవి. అనపర్తి నుంచి తొమ్మిదిన్నరకల్లా కాకినాడ చేరాలన్న లెక్క వాటిలో లేదు. వేళ్ల మీద లెక్కపెట్టే బళ్లు, అవీ వేళాపాళా లేకుండా. పోయే బండి కుదిరితే వచ్చే బండి కుదరదు. రోజువారీ ప్రయాణికుడు ఒక్క వైపు చూసుకుని పాసు కొనడు. సాయంత్రం తప్పిపోతే ఇంకో బండి ఉందన్న ధీమా కావాలి, అదిక్కడ లేదు.

హైదరాబాద్ లోకల్ ట్రైను ఎంఎంటీఎస్ ఈ పాఠం ముందే చెప్పింది. 2003 ఆగస్టులో మొదలైంది. చవక, ఊరి నడిబొడ్డు మీంచి పోతుంది, అయినా దూరం బళ్లతో పట్టాలు పంచుకోవడంతో బండికీ బండికీ మధ్య ఎడం ఎక్కువై, ఎప్పుడొస్తుందో నమ్మకం లేక చాలామంది వదిలేశారు. అంత నగరంలోనే అలాగైంది. సబర్బన్ అని పేరు పెట్టి, రంగు మార్చి, జెండా ఊపినంత మాత్రాన ఇక్కడా ఒరిగేదేం లేదు.

మరి ఏం చెయ్యొచ్చు? కొత్త లైను అక్కర్లేదు. ముంబై మాదిరి మూడు నిమిషాలకొకటీ అక్కర్లేదు. పొద్దున రెండు కొసల నుంచీ ఆరున్నర, ఏడున్నర, ఎనిమిదిన్నరకి మూడేసి బళ్లు, సాయంత్రం నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నరకి మూడేసి, షాపులు కట్టేశాక ఎనిమిదిన్నరకి ఒకటి. మధ్యాహ్నం ఏమీ వద్దు, ఆ వేళ బ్లాకులకి వదిలెయ్యొచ్చు. దీనికెన్ని బళ్లు కావాలి? ఆరున్నరకి రాజమండ్రిలో బయల్దేరిన రేకు (పెట్టెలన్నీ కలిసిన ఒక పూర్తి బండి) ఏడూ ముప్పావుకి కాకినాడ చేరి, ఎనిమిదిన్నర బండిగా వెనక్కి తిరుగుతుంది. కాకినాడలో ఆరున్నరకి బయల్దేరినదీ అంతే. ఏడున్నర బళ్లకి రెండు వేరే రేకులు. మొత్తం నాలుగు, ఒకటి స్పేరు, ఐదు. తిరుగుడుకి మధ్య 45 నిమిషాలున్నాయి కాబట్టి దారిలో రెండుసార్లు పక్కన పెట్టినా ఎనిమిదిన్నర బండి ఎనిమిదిన్నరకే కదులుతుంది. ఈ 45 నిమిషాలూ వృథా అని ఎవరైనా కుదించి, మూడు రేకులతో సరిపెడదామంటే మొదటి వారంలోనే అంతా గొలుసుకట్టుగా లేటవుతుంది. రాత్రికి రెండు రేకులు కాకినాడలో పడుకోవాలి, అంటే అక్కడ నిలిపే లైను, నీళ్లు పట్టే ఏర్పాటు, సిబ్బంది పడుకోవడానికి రన్నింగ్ రూము. పెద్ద ఖర్చులు కావు, కాని ఇవి లేకుండా టైంటేబులు ప్రకటిస్తే అది కాగితమే.

మెయిన్‌లైను మీద రద్దీ వేళల్లో రెండు వైపులా మూడేసి అదనపు బళ్లు పడతాయా అంటే, పడతాయి, కాకపోతే ఇరుగ్గా. మూడో లైను వచ్చేదాకా ద్వారపూడి, బిక్కవోలు లాంటి చోట్ల లూపు పాయింట్లని వేగంగా మళ్లేవాటితో మార్చినా ఒక్కో పక్కనపెట్టుడులో రెండు మూడు నిమిషాలు మిగులుతాయి. కాకినాడని మెయిన్‌లైను మీదికి తేవాలని దశాబ్దాలుగా అడుగుతున్న పిఠాపురం–కాకినాడ లైను విశాఖ వైపు వాళ్లకి మేలు. ఈ వరసకి దానితో పెద్దగా పని లేదు.

స్టేషను నుంచి ఇంటికి, ఆఫీసుకి చేరే ముక్క చాలామంది లెక్కెయ్యరు. రాజమండ్రిలో మెయిన్ రోడ్డు, కోటగుమ్మం వైపు పనుంటే రాజమండ్రి స్టేషన్లో దిగి ఆటో ఎక్కే బదులు, బండి అక్కడ ఆగేదైతే గోదావరి స్టేషన్లో దిగడం మేలు. కాకినాడలో జేఎన్‌టీయూ, సర్పవరం జంక్షను వైపు వాళ్లు సర్పవరం హాల్టుందేమో చూసుకోవాలి. పది రూపాయల రైలు టిక్కెట్టుకి అటూ ఇటూ నలభై రూపాయల ఆటో తోడైతే బస్సే నయమనిపిస్తుంది. చిన్న స్టేషన్ల దగ్గర టూవీలరు పెట్టుకోవడానికి నీడ, కాపలా ఉంటే చాలు, పల్లెల్లోంచి టీవీఎస్ మీదొచ్చి రైలెక్కేవాళ్లు ఎందరో ఉన్నారు. కేశవరం, మేడపాడుల్లో చెట్టుకింద తాళం వేసి దేవుడి మీద భారం వేసి పోవాల్సిందే.

బస్సుతో పోలిక ఈమధ్య మారింది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి ప్రయాణం ఉచితం. కాలవ గట్టు రోడ్డు మీద కడియం, అనపర్తి, బిక్కవోలు వైపు బస్సులు దాంతో కిటకిటలాడుతున్నాయి. రైలు పది రూపాయలైనా ఉచితంతో పోటీ పడలేదు. సీటు, సమయం, ఈ రెంటి మీదే దాని ఆకర్షణ. బస్సులో చోటు దొరక్క నిలబడే కాలేజీ పిల్లలు, చంటిపిల్లతో పెద్దాసుపత్రికి పోయే తల్లులు మెమూలో కూర్చునే పోతారు, వేళకి వస్తే.

నిజానికి లోకల్ ట్రైను పెట్టి చూడాలంటే రాజమండ్రి–కాకినాడ కంటే ముందు నిడదవోలు–తణుకు–భీమవరం–నరసాపురం లైనే సరైన చోటు. విజయవాడ–గుడివాడ–భీమవరం–నరసాపురం, గుడివాడ–మచిలీపట్నం, భీమవరం–నిడదవోలు కలిపి 221 కిలోమీటర్లు డబ్లింగు చేసి కరెంటు పెట్టారు. ఒకప్పుడు ఒంటి పట్టా మీద ఎదురు బండి కోసం అత్తిలిలోనో, మంచిలిలోనో పడిగాపులు పడేవారు. ఇప్పుడా క్రాసింగుల గొడవ లేదు. ఈ లైను మీద మెయిన్‌లైను రద్దీ కూడా లేదు. భీమవరం జిల్లా కేంద్రమైంది. పాలకొల్లు, వీరవాసరం, శృంగవృక్షం, తణుకు నుంచి కలెక్టరేటుకీ కాలేజీలకీ ఆసుపత్రులకీ జనం ఇటే వస్తారు. పట్టాలున్నాయి, ఖాళీ ఉంది, జనం ఉన్నారు. గంటకో మెమూ ఇక్కడ రేపు పెట్టినా ఏ ఎక్స్‌ప్రెస్సూ పెద్దగా ఆగాల్సిన పని లేదు. దీన్ని వదిలి రాజమండ్రి–కాకినాడకి సబర్బన్ లైనంటూ సర్వే అడగడం ఎందుకో! భీమవరంలో టౌను, జంక్షను అని రెండు స్టేషన్లున్నాయి, మీ బండి ఎందులో ఆగుతుందో చూసి టిక్కెట్టు తీయండి. రెంటి మధ్యా ఆటో బేరం మామూలుగా ఉండదు.

ఇక్కడ తగిలే చిక్కు రైలు గేట్లది. బళ్లు పెరిగితే గేట్లు ఎక్కువసార్లు పడతాయి, రొయ్యల లారీలు, ఐసు బళ్లు, స్కూలు బస్సులు బారులు తీరతాయి. గేటు తీసేసి అండర్‌పాస్ తవ్వుదామంటే ఇది డెల్టా, నాలుగడుగులు తవ్వితే ఊట. వానాకాలంలో కొన్ని అండర్‌పాస్‌లలో మోకాలి లోతు నీళ్లు నిలబడి, మోటారు పెట్టి తోడినా చుట్టుపక్కల చేల నుంచి మళ్లీ ఊరిపోతాయి. కాలవకి ఆనుకుని తవ్విన చోట మరీను. తవ్వేటప్పుడే గోడలకి, అడుక్కి నీరు చొరని కాంక్రీటు వేసి, నీళ్లు చేరే గుంత రోడ్డుకి దిగువన కట్టి, మోటారుకి కరెంటు పోయినా నడిచే జనరేటరు పెడితేగాని అది దారి కాదు. లేదంటే ఓవర్‌బ్రిడ్జే. మన మట్టిలో పైల్స్ లోతుగా దింపాలి కాబట్టి దానికి డబ్బు ఎక్కువే, కాని ఒకసారి కడితే ఏటా పడవలెయ్యక్కర్లేదు.

కాకినాడ–కోటిపల్లి లైను ఇంకోలాంటి పాఠం. 1928లో వేశారు, రెండో ప్రపంచ యుద్ధంలో పట్టాలు పీకేశారు, 2004లో మళ్లీ బ్రాడ్‌గేజ్‌గా వేశారు. 45 కిలోమీటర్లు, వేళంగి, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా. చాలాకాలం దాని మీద రైలు బస్సు ఒకటి నడిపారు. రోజుకొక్క బండి ఉంటే దాన్ని నమ్ముకుని ఎవరూ ఉద్యోగానికి పోరు. ఎక్కేవాళ్లు లేరని ఆ ఒక్కటీ ఆపుతారు, ఆపాక ఎవరూ అడగడం లేదంటారు. పైగా లైను కోటిపల్లి రేవు దగ్గర గోదారి ఒడ్డున ఆగిపోయింది. అవతల ముక్తేశ్వరం, కోనసీమ. అక్కడికి పంటు (నది దాటించే బల్లకట్టు) ఒక్కటే దిక్కు. కోటిపల్లి–నరసాపురం 57 కిలోమీటర్ల లైను 2000–01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ట మూడు పాయల మీదా వంతెనలు కావాలి. మట్టి కూడా బయట నుంచి తోలుకోవాలి, ఇక్కడి బంకమట్టి గట్టుకి ఆగదు. రాష్ట్రం తన వాటా 25 శాతం ఇవ్వడంలో జాప్యం ఒకటి, భూసేకరణ ఒకటి. ఈ డెల్టాలో కొత్త పట్టా వెయ్యాల్సిన చోటు అంటూ ఉంటే అది ఇదే. అమలాపురానికి రైలే లేదు, ఉన్నచోట రెండో రైలు కంటే లేనిచోట మొదటి రైలుకి విలువెక్కువ. 2027 పుష్కరాలకి స్టేషన్లకి రంగులు, ఎస్కలేటర్లు వస్తాయి, రావాలి కూడా. వాటితోపాటు పుష్కరాల తర్వాత మిగిలిపోయే మెమూ రేకులు నాలుగు ఈ వైపు కేటాయించమని అడిగే ఎంపీ ఉంటే ఆయన పేరు పదేళ్లు చెప్పుకుంటారు.

ఇప్పటికిప్పుడు పాసు కొనాలా వద్దా అన్నవాళ్లకి: కొవ్వూరు, నిడదవోలు నుంచి రాజమండ్రికి రోజూ తిరిగేవాళ్లు కళ్లు మూసుకుని కొనొచ్చు. అటు నుంచి వచ్చే బళ్లు ఎక్కువ, ఒకటి తప్పినా ఎక్స్‌ప్రెస్ దొరుకుతుంది, పాసు సూపర్‌ఫాస్ట్ సప్లిమెంటుతో తీసుకోండి. సామర్లకోట–కాకినాడ వాళ్లకీ లాభమే, దూరం చిన్నది, బ్రాంచి మీద పక్కన పెట్టే బాధ తక్కువ. తణుకు, పాలకొల్లు వాళ్లు ముందు మీ వేళకి రాను, పోను రెండు బళ్లూ ఉన్నాయేమో వారం రోజులు విడి టిక్కెట్టుతో తిరిగి చూడండి. అనపర్తి, బిక్కవోలు, ద్వారపూడి నుంచి పదింటికల్లా సంతకం పెట్టాల్సిన ఉద్యోగమైతే నెల పాసు మీద డబ్బు పెట్టకండి. వీలున్నప్పుడు మెమూ, లేనప్పుడు బస్సు. కడియం పూలవాళ్లు తెల్లవారుజాము బండికి గంపలెత్తాలనుకుంటే బరువు విషయం టీసీతో కాదు, స్టేషన్ మాస్టరుతో ముందు మాట్లాడుకోండి. పెట్టె మధ్యలో తలుపుకి అడ్డంగా గంప పెడితే తోటి ప్రయాణికులే దింపేస్తారు.